రాలేదని చెప్పని క్లాసు

ఉమామహేశ్వర్లు మాస్టారికి కుర్చీలోంచి లేవడం ఒక పెద్ద పని. ముందు కాళ్లు దగ్గరికి లాక్కుని, రెండు అరచేతులూ బల్ల మీద ఆనించి, ఊపిరి బిగబట్టి లేవాలి. లేచాక మోకాళ్లు ఒప్పుకునేదాకా ఆ బల్లనే పట్టుకుని నిలబడాలి. అప్పుడు గానీ బోర్డు వైపు అడుగు పడదు. బోర్డు దగ్గరికి వెళ్లకుండా లెక్కలు ఎట్లా చెప్పాలో ఆయనకు తెలియదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ నిలబడే చెప్పారు.

ఆయన పనిచేసేది త్రిపురాంతకం దాటాక రోడ్డు పక్కనే ఉన్న ఒక ఊరి హైస్కూల్లో. రోజూ మార్కాపురం నుంచి బస్సులో వస్తారు. భార్య ఇందిరమ్మ పోయి రెండేళ్లు దాటింది. తర్లుపాడు రోడ్డులో అద్దె పోర్షన్‌లో ఒక్కరే ఉంటున్నారు. బస్సు స్టేజీ బడికి కాస్త దూరంలో ఉన్నా, కండక్టరు ఆయన కోసం గేటు ముందే ఆపిస్తాడు. ఆపమని ఆయన ఎన్నడూ అడగలేదు. మధ్యాహ్నం భోజనం వండే మార్తమ్మ ఆయన పళ్లెం స్టాఫ్ రూముకే తెచ్చి పెడుతుంది, మెట్లు దిగే పని లేకుండా. అలసిపోయిన మనిషికి ఇవి చిన్న విషయాలు కావు. వీటి మీదే ఆయనకు రోజులు గడుస్తున్నాయి.

మోకాళ్లు రెండూ మార్చాల్సిందేనని ఒంగోలు డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఒకసారి ఇందిరమ్మ జబ్బు వల్ల, ఇంకోసారి పదో తరగతి పరీక్షల వల్ల ఆపరేషన్ వాయిదా పడింది. ఈసారి జనవరి ఆఖర్లో తేదీ ఇచ్చారు. ఆ తర్వాత రెండు నెలలు బడి ముఖం చూసే వీలుండదు. పబ్లిక్ పరీక్షలు మార్చిలో. ఆయన బదులు ఇంకో లెక్కల టీచరును పంపుతారేమోనని హెడ్మాస్టరు సుందరరాజు పై ఆఫీసుకు రాశాడు, ఫోన్లు చేశాడు. ఎవరూ లేరన్నారు. "మీరు పోయి రండి సార్, ఏదో ఒకటి చేస్తాం" అన్నాడాయన, ఫైలు లోంచి తల ఎత్తకుండా. ఆ ఏదో ఒకటి ఏమిటో ఉమామహేశ్వర్లు గారికి తెలుసు. సైన్సు సారు వచ్చి కూర్చుంటాడు. పిల్లలు గైడు చూసి ఎక్కించుకుంటారు.

అందుకని ఆయన ఒక లెక్క వేసుకున్నారు. జనవరి లోపల ఈ పిల్లలు తమంతట తాము నేర్చుకునే దారిలో పడితే ఆపరేషన్‌కు వెళ్లాలి. పడకపోతే మళ్లీ వాయిదా వేసుకోవాలి.

ఎండాకాలంలో ఒంగోలులో టీచర్లకు శిక్షణ పెట్టారు. చెప్పడానికి వచ్చిన కుర్రవాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకటే మాట తిప్పి తిప్పి చెప్పాడు: పిల్లవాడి చదువు పగ్గాలు పిల్లవాడి చేతికే ఇవ్వాలని. భోజనాలయ్యాక ఉమామహేశ్వర్లు గారికి కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి ఆ కుర్రవాడు, తనకేం వచ్చో ఏం రాదో పిల్లవాడు తనే చెప్పగలగాలి, మిగతావన్నీ దాని తర్వాతే, అంటున్నాడు. అదొక్కటీ ఆయనకు గుర్తుండిపోయింది. ఎర్ర కార్డు, పచ్చ కార్డు పట్టుకుని చూపించమని కూడా అక్కడ చెప్పారు. వాటికి ఇక్కడ పలక ముక్కలు సరిపోయాయి. సింధు వాళ్ల నాయన పోలయ్య మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో లోడింగ్ పని చేస్తాడు. విరిగిన ముక్కలు ఒక గోతం నిండా తెచ్చి, పిల్లల చేతులు కోసుకుపోకుండా అంచులు తనే అరగదీసి ఇచ్చాడు.

పాఠం అయ్యాక ప్రతివాళ్లూ ముక్క మీద బలపంతో గుర్తు వేసి పైకెత్తాలి. సొంతంగా చేయగలిగితే సున్నా. సగమే తెలిస్తే అడ్డగీత. తెలియకపోతే ఇంటూ.

మొదటి రోజు అన్నీ సున్నాలే. రెండో రోజూ అంతే. వర్గ సమీకరణాలు మొదలుపెట్టాక అక్కడక్కడా ఇంటూలు లేస్తాయని ఆయన ఎదురుచూశారు. లేవలేదు. నల్లటి పలకల మీద తెల్లటి సున్నాలు గది నిండా లేచాయి. చాలా కాలం తర్వాత ఆయన గుండెలో బరువు కొంచెం దిగింది. ఆ సాయంత్రమే డాక్టరుగారి ఆసుపత్రికి ఫోన్ చేసి, తేదీ ఖాయం చేసుకోమని చెప్పారు.

క్రిస్మస్ సెలవులకు ముందు చిన్న పరీక్ష పెట్టారు. ఆదివారం ఇంట్లో పేపర్లు దిద్దుతూ కూర్చున్నారు. నాలుగు పేపర్లు దిద్దేసరికి పెన్ను ఆగిపోయింది. అందరిదీ ఒకే తప్పు. ఫార్ములాలో మొదట వచ్చేది మైనస్ బి. బి విలువే మైనస్ అయిదు అయినప్పుడు అది ప్లస్ అయిదు కావాలి. దాదాపు అందరూ మైనస్ అయిదే వేసి చివరి దాకా లాక్కొచ్చారు. క్లాసులో మొదటి మార్కు వచ్చే షిఫా కూడా. తప్పు పెద్దది కాదు, ఎక్కడి పిల్లలైనా చేసేదే. ఆయనను కుంగదీసినవి ఆ సున్నాలు. సరిగ్గా ఈ పాఠానికే, ఈ పిల్లలే, ఒక్కరు తప్పకుండా సున్నాలు ఎత్తి చూపించారు.

సోమవారం పేపర్లు పంచి, బల్ల వెనక కూర్చుని అడిగారు. తెలియనప్పుడు తెలిసినట్టు ఎందుకు గీశారని. క్లాసు లీడరని షిఫా లేచి నిలబడింది. వాళ్ల నాయన హజరత్ వలికి సెంటర్లో బట్టల దుకాణం ఉంది. పిల్ల కూడా బేరానికొచ్చిన మనిషితో మాట్లాడినంత మర్యాదగా మాట్లాడుతుంది.

"తప్పు మాదే సార్. ఇంకా బాగా చదువుతాం."

"నేనడిగింది అది కాదమ్మా."

షిఫా తల దించుకుంది. అప్పుడు వెనక బెంచీలోంచి సింధు లేచింది. ఈ పిల్లకు లెక్కలంటే భయం. నోరు మాత్రం భయపడదు.

"షిఫాను ఏమనొద్దు సార్. అందరం అనుకొనే చేసినాం. మేం రాలేదంటే మీరు లేస్తారు. బల్ల పట్టుకొని లేచేటప్పుడు మీ మొగం చూడలేకపోతున్నాం. అందుకని ఎవరికి రాకపోయినా సున్నానే గీయాలనుకున్నాం. తర్వాత షిఫానడిగి నేర్చుకుందామని."

ఉమామహేశ్వర్లు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"మరి షిఫాను అడిగినారా?"

"అడిగినాం సార్. తను చేసింది చూసి రాసుకోమన్నది."

"రాసుకున్నారా?"

"రాసుకున్నాం. దానికి తప్పొచ్చింది. మాకూ అదే వచ్చింది."

క్లాసంతా నోరు మూసుకుని నవ్వింది. షిఫా కూడా నవ్వింది, కళ్లలో నీళ్లతోనే. అడిగితే తను కూడా చెప్పింది: మైనస్ దగ్గర తనకూ అనుమానం వచ్చిందట. అందరికీ చెప్పాల్సిన తనే రాలేదంటే ఏం బాగుంటుందని ఊరుకుందట.

ఆ పూట ఇంకేం చెప్పబుద్ధి కాలేదు. స్టాఫ్ రూములో కూర్చుంటే సుందరరాజు వచ్చాడు. సంగతి విని, ఇక ఆపరేషన్ వాయిదా వేసుకోవడమే మంచిదని మెల్లగా అన్నాడు. పోయినేడు కూడా లెక్కల్లోనే ఫలితం తగ్గింది, పై వాళ్ల ముందు నిలబడలేకపోయానన్నాడు. మంచివాడే. ఆయన బాధ ఆయనది. ఉమామహేశ్వర్లు గారు కాదనలేదు, అవుననలేదు.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించారు. కంది చేలు, బోడి గుట్టలు వెనక్కి పోతున్నాయి. ఈ వైపు ఎవరింటికైనా వెళ్తే, వడ్డించేవాళ్లు ఇంకాస్త పెట్టమంటారా అని అడుగుతారు. ఆకలి సగమే తీరినా చాలమ్మా అంటారు. ఇంకా కావాలంటే ఆ ఇంటి ఇల్లాలిని కష్టపెట్టినట్టు. చిన్నప్పటి నుంచీ ఆ మాట మీద పెరిగిన పిల్లలను పట్టుకుని తను రోజూ అడిగిందేమిటి? వచ్చిందా? అర్థమైందా? వాళ్లు చాలన్నారు. బళ్లో చేరినప్పటి నుంచీ ఏ సారుకైనా వాళ్లు చెప్పిన జవాబు అదొక్కటే. పలక ముక్క చేతికిచ్చినంత మాత్రాన ఆ మర్యాద ఎక్కడికి పోతుంది? పిల్లల మీద కోపం రాలేదు. తన మొహం అంతగా కనబడిపోతోందా అని మాత్రం కొంచెం సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే ఒక వెచ్చదనం కూడా ఉంది. ఇంట్లో ఎవరూ లేకపోయినా, తను లేస్తే చూసి బాధపడేవాళ్లు గది నిండా ఉన్నారు.

మర్నాడు క్లాసుకు వెళ్లి, తన కుర్చీని గది వెనక వైపు, తలుపు పక్కన వేయించుకున్నారు. ఇప్పుడు పిల్లలకు ఆయన మొహం కనబడదు, వీపులు ఆయనకు కనబడతాయి.

"ఈ రోజు నుంచి నేను లేవను" అన్నారు. "మీకు వచ్చినా లేవను, రాకపోయినా లేవను. బోర్డు మీకే వదిలేస్తున్నా. ఇంక నా మోకాళ్ల సంగతి మీరు చూసుకోవద్దు."

అడిగే మాట కూడా మార్చారు. వచ్చిందా అని అడగడం మానేశారు. ఎంతవరకు వచ్చింది? అంతే. లెక్క మొదలుపెట్టి, ఎవరికి వారు తమకు బాగా తెలిసిన చివరి మెట్టు కింద గీత గీసుకోవాలి. ఆ గీత పైన ఏ లైను గురించి అడిగినా బోర్డు దగ్గరికి వెళ్లి చెప్పగలగాలి. గీత మొదటి లైను కిందే ఉన్నా తప్పు లేదు. ఎక్కడో ఒకచోట గీత లేకుండా మాత్రం కుదరదు. చాలు అనడానికి అందులో వీలు లేదు. ఎంత తిన్నావో చెప్పాలి.

రెండో లైను దగ్గర ఆగినవాళ్లు నాలుగో లైను దగ్గర ఆగినవాళ్ల పక్కన కూర్చోవాలి. దానికొక షరతు. చెప్పేవాళ్లు చేతులు కట్టుకోవాలి. పెన్సిలు ముట్టుకోకూడదు. నోటితో అడగొచ్చు, జవాబు మాత్రం చెప్పకూడదు. ఈ షరతుకు అందరికన్నా ఎక్కువ అవస్థ పడింది షిఫా. చూస్తూ చూస్తూనే చేతులు విడిపోయేవి. సింధు ఆ చేతి మీద ఒక్కటేసేది.

"ఏమే, నా లెక్క నువ్వు తింటావా? కట్టుకో చేతులు."

పని నత్తనడక నడిచింది. పక్క సెక్షన్ రెండు పాఠాలు ముందుకెళ్లిపోయింది. కొన్ని రోజులు గది సంతలాగా ఉండేది. కొన్ని రోజులు ఎవరికీ ఏమీ తోచక ఊరికే కూర్చునేవారు. అప్పుడు ఆయనకు కాళ్లు లాగేవి, నొప్పితో కాదు, బోర్డు దగ్గరికి వెళ్లి రెండు నిమిషాల్లో తేల్చేయాలని. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చునేవారు. కూర్చుని చెప్పడం నిలబడి చెప్పడం కంటే అలసటగా ఉంటుందని ఆయనకు అప్పుడే తెలిసింది. ఇల్లు చేరాక అన్నం వండుకునే ఓపిక లేక, పొద్దుటి అన్నంలో మజ్జిగ పోసుకుని పడుకునేవారు.

ఒకరోజు హజరత్ వలి బడికి వచ్చాడు. నమస్కారం పెట్టి, కాసేపు దుకాణం సంగతులు చెప్పి, అసలు విషయానికి వచ్చాడు.

"మా పాపకు మీరే చెప్పండి సార్. అది పక్కనోళ్లకు చెప్తా కూసుంటే దాని చదువేం గాను? ఇంటికొచ్చి కూడా సింధు గీత యాడుందో అదే మాట్లాడతాంది."

"తన గీత ఎక్కడుందో చెప్పలేదా, వలీ?"

వలి ఆలోచించాడు. "చెప్పింది. మొన్న ఏదో పాఠంలో సగం దాకానే వచ్చిందంట. ఎప్పుడూ అట్ల చెప్పలేదు సార్ అది. అందుకే భయమేసి వచ్చినా."

అది ఇప్పుడు రాకపోవడం కాదని, మునుపు కూడా రాలేదని, ఇప్పుడు చెప్పుకుంటోందని ఉమామహేశ్వర్లు గారు నచ్చజెప్పారు. వలి పూర్తిగా ఒప్పుకోలేదు. అయినా పోతూ పోతూ, మీ ఆపరేషన్ ఎప్పుడు సార్ అని అడిగి, ఆసుపత్రిలో తోడుకు ఎవరూ లేకపోతే తమ్ముణ్ణి పంపిస్తానన్నాడు.

జనవరి నెల కరిగిపోయింది. ఆసుపత్రిలో చేరాల్సిన రోజుకు ముందు రోజు వచ్చింది. పొద్దున్నే సుందరరాజు గుర్తు చేశాడు. సాయంత్రం లోపల ఒక్క ఫోన్ చేస్తే చాలు సార్, తేదీ మారుస్తారు, అన్నాడు. సాయంత్రం చెప్తానన్నారు ఉమామహేశ్వర్లు గారు.

ఆఖరి రెండు పీరియడ్లూ లెక్కలే. ఆయన పిల్లలకు తను చెప్పని పాఠం ఇచ్చారు. ఎత్తులు, దూరాలు. పుస్తకం చదువుకుని ఎంతవరకు పోగలిగితే అంతవరకు పొమ్మని చెప్పి, కుర్చీ వరండాలో వేయించుకున్నారు. కిటికీలోంచి బోర్డు కనబడుతుంది.

లెక్క పెద్దదేం కాదు. అడవిలో ఎత్తయిన మంచె మీద ఒక గార్డు నిలబడ్డాడు. కింద ఉన్న జీపు అతనికి ముప్పై డిగ్రీల నిమ్న కోణంలో కనబడుతోంది. నిమ్న కోణమంటే నేరుగా ముందుకు చూసే చూపు కిందికి ఎంత వంగిందో ఆ కోణం. జీపు మంచెకు ఎంత దూరంలో ఉంది?

బొమ్మ గీయడంలోనే తప్పు పోయింది. చూపుకూ నేలకు సమాంతరంగా గీసే గీతకూ మధ్య పెట్టాల్సిన కోణాన్ని, చూపుకూ మంచె స్తంభానికీ మధ్య పెట్టారు. బొమ్మ కింద లెక్క మాత్రం ఒక్క పొల్లు పోకుండా చేశారు. జవాబు పుస్తకం వెనకున్న దాంట్లో మూడో వంతే వచ్చింది. గదిలో గొడవ మొదలైంది. ఒకరు పుస్తకమే తప్పన్నారు. ఇంకొకరు మళ్లీ మొదటి నుంచి చేశారు. మళ్లీ అదే వచ్చింది. ఒక్కో లైను కింద వేలు పెట్టి చూస్తున్నారు. తప్పు లైన్లలో లేదు. పైన బొమ్మలో ఉంది. ఆ బొమ్మ వైపు ఎవరూ చూడడం లేదు.

ఉమామహేశ్వర్లు గారి చేతులు కుర్చీ మీద బిగుసుకున్నాయి. ఒక్క మాట చాలు. కిటికీలోంచి చెప్పినా చాలు. రేపు ఆసుపత్రి మంచం మీద పడుకుని, ఈ తప్పు బొమ్మను తలుచుకుంటూ ఉండాలా?

షిఫా బయటికి వచ్చింది. చున్నీ కొసంతా సుద్ద.

"సార్, ఎక్కడో తప్పు పోయింది."

ఆయన ఆ పిల్ల మొహంలోకి చూశారు. నోరు తెరవబోయారు.

"ఎక్కడో మీరు చెప్పొద్దు సార్" అంది షిఫా తొందరగా. "నా గీత లెక్క మొత్తానికీ కింద ఉంది. బొమ్మ దగ్గర మాత్రం గీత గీసుకోలేదు. అదే చెప్దామని వచ్చినా. నాకు బొమ్మ రాలేదు."

చెప్పి ఆయన ఏమంటారో వినకుండానే లోపలికి వెళ్లిపోయింది. లోపల అందరితో కూడా అదే మాట చెప్పింది. గొడవ ఆగింది. మాకు కూడా అంతే అని ఎవరో అన్నారు.

లాంగ్ బెల్ కొట్టారు. పుస్తకాలు సర్దుకునే చప్పుడు వినబడలేదు. ఆయన కాళ్లు దగ్గరికి లాక్కుని లేచారు, వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డారు. సుందరరాజు తన గది తాళం వేస్తూ, ఫోన్ చేశారా సార్ అన్నట్టు చూశాడు.

"రేపు పోతున్నా సార్" అన్నారు ఉమామహేశ్వర్లు గారు.

"వస్తాదంటారా వీళ్లకు?"

"కొంత వస్తాది. కొందరికి రాదు. ఎంత రాలేదో చెప్పుకుంటారు. మిగతాది నేనున్నా నా చేతుల్లో లేదు."

సుందరరాజు ఆయన చేతిలోంచి సంచీ తీసుకుని గేటు దాకా పక్కనే నడిచాడు. మార్కాపురం బస్సు గేటు ముందే వచ్చి ఆగింది. కండక్టరు ముందు సీట్లో వాళ్లను సర్దుకోమని, కాలు చాపుకునేలా చోటు చేయించాడు. కూర్చున్నాక ఆయన బడి వైపు చూశారు.

కిటికీలోంచి సింధు కనబడింది. బెంచీ ఎక్కి, మంచె మీద గార్డులాగా నిలబడింది. కింద నేల మీద షిఫా చున్నీ నడుముకు చుట్టి, గొంతుక్కూర్చుని జీపులాగా ముందుకు ముందుకు జరుగుతోంది. అందరూ నవ్వుతున్నారు. సింధు నవ్వడం లేదు. కుడిచేయి తన ముందు నేరుగా చాపింది. ఆ చేతిని చూసుకుంటూ, మెల్లగా, చాలా మెల్లగా, షిఫా వైపు దించుతోంది.

బస్సు కదిలింది.